ఒక్కరు కట్టారు... అందరికీ మిగిలింది

2025 జనవరిలో ఆండ్రాయిడ్ ఫోన్ల బ్రౌజర్ ‘కివీ’ ఆగిపోయింది. దాదాపు ఒంటిచేత్తో దాన్ని కట్టి, ఏడేళ్లకు దగ్గరగా నడిపిన ఆర్నో గ్రనాల్ ఇక కొత్త వెర్షన్లు రావని చెప్పి, గిట్‌హబ్‌లోని ప్రాజెక్టును ఆర్కైవ్ చేసేశారు.

ఒక ఆప్ మూతపడితే మామూలుగా ఏమవుతుందో మనకు తెలిసిందే. ప్లే స్టోర్‌లో కనబడదు. ఫోన్‌లో ఉన్నది కొన్నాళ్లు పనిచేసి, ఓ రోజు మొరాయిస్తుంది. దాని వెనకున్న ఏళ్ల కష్టం ఏ కంపెనీ సర్వర్‌లోనో, ఎవరి హార్డ్‌డిస్కులోనో ఉండిపోతుంది. తర్వాత అదే పని తలపెట్టినవాళ్లు మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాలి.

కివీకి ఆ గతి పట్టలేదు. అది ఆగిపోయేనాటికే దాని గుండెకాయలాంటి భాగం, అంటే కంప్యూటర్ క్రోమ్‌లో వాడే ఎక్స్‌టెన్షన్లను ఫోన్‌లో నడిపించే కోడ్, మైక్రోసాఫ్ట్ వారి ఎడ్జ్ బ్రౌజర్ ప్రయోగాత్మక వెర్షన్ ‘కెనరీ’లోకి చేరిపోయింది. సెలవు తీసుకుంటూ గ్రనాల్ తన వాడుకరులకు చూపించిన దారి కూడా అదే. ఇదంతా సాధ్యమైంది 2020 ఏప్రిల్‌లో ఆయన తీసుకున్న నిర్ణయం వల్ల. అప్పుడాయన కివీ సోర్స్ కోడ్‌ను బీఎస్‌డీ లైసెన్సు కింద గిట్‌హబ్‌లో పెట్టేశారు. కాపీరైట్ నోటీసు ఉంచితే చాలు, ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, తమ సరుకులో కలుపుకోవచ్చు.

ఓపెన్ సోర్స్ అనగానే ‘కోడ్‌ను ఎవరైనా చదువుకోవచ్చు’ అని చెబుతుంటారు. నిజమే. కానీ కోట్ల లైన్లున్న బ్రౌజర్ కోడ్‌ను తీరిగ్గా కూర్చుని చదివేదెందరు? నా మట్టుకు అంతకంటే పెద్ద లాభం ఇంకొకటుంది. కట్టిన మనిషి తప్పుకున్నా కట్టింది మిగులుతుంది. ఇంకొకరు సరిగ్గా అక్కడి నుంచే అందుకుంటారు. మొబైల్ బ్రౌజర్ల చరిత్ర మొత్తం ఇలా ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందిన చరిత్రే.

పద్మ నుంచి కివీ దాకా

ఎక్స్‌టెన్షన్ చిన్న ప్రోగ్రామ్. బ్రౌజర్‌కు తగిలిస్తే దానికి కొత్త పని నేర్పుతుంది. ప్రకటనల్ని ఆపుతుంది, పాస్‌వర్డ్‌లు గుర్తు పెట్టుకుంటుంది, పేజీని కంటికి హాయిగా ముదురు రంగులోకి మారుస్తుంది. చిన్న భాషలకు, పెద్ద కంపెనీలు పట్టించుకోని అవసరాలకు ఇది ఎంత ఆసరా అవుతుందో తెలుగువాళ్లు ఇరవై ఏళ్ల కిందటే చూశారు.

2000ల నడుమ తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు మీ కంప్యూటర్‌లో లేకపోతే తెలుగుకు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనబడేవి. ఉన్నా కూడా ఆ వార్తను కాపీ చేసి మెయిల్లో పెట్టలేం, వెతకలేం. అప్పుడొక తెలుగు ఇంజనీరు ఫైర్‌ఫాక్స్‌కు ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ రాశారు. పేజీ తెరవగానే ఆ సొంత ఫాంట్ల సంకేతాలను యూనికోడ్ తెలుగులోకి మార్చేసేది. అమెరికాలోని విద్యార్థి, హైదరాబాద్‌లోని ఉద్యోగి ఏ ఫాంటూ దించుకోకుండా ఈనాడు చదువుకోగలిగారు. దానికి పత్రికల అనుమతి అడగనక్కర్లేదు. మొజిల్లా ఆఫీసు గడప తొక్కనక్కర్లేదు. బ్రౌజర్ లోపలి తీరు బయటివాళ్లకు తెలిసేలా ఉంది కాబట్టి ఆ పని జరిగింది.

తర్వాత జనం ఫోన్లకు మళ్లారు. తెలుగు నేల మీద ఇంటర్నెట్‌ను మొదటిసారి ఫోన్‌లోనే చూసినవాళ్లు కోకొల్లలు. ఇంటర్ ఫలితాలు, రేషన్ కార్డు, పొలం పహాణీ, బ్యాంకు లావాదేవీ, అన్నీ ఆ చిన్న తెర మీదే. కానీ ఫోన్లలో క్రోమ్ ఎక్స్‌టెన్షన్లను తీసుకోలేదు. క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం కోడ్‌లో ఎక్స్‌టెన్షన్ల విభాగం మొత్తం ఒక బిల్డ్ స్విచ్ వెనక ఉంటుంది. కంప్యూటర్‌కు బిల్డ్ చేస్తే, అంటే కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మారిస్తే, ఆ స్విచ్ ఆన్, ఆండ్రాయిడ్‌కు చేస్తే ఆఫ్.

స్విచ్ ఆన్ చేస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. కంప్యూటర్‌లో అడ్రస్ బార్ పక్కన ఎక్స్‌టెన్షన్ల బొమ్మలు వరసగా ఉంటాయి. నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. ఆ కిటికీలను గీసే కోడ్ వేరు, ఆండ్రాయిడ్‌లో తెరను గీసే జావా కోడ్ వేరు. ఎక్స్‌టెన్షన్ ‘ఈ ట్యాబ్ ఏది, ఆ విండో ఏది’ అని అడిగితే జవాబు చెప్పే భాగాలు ఆండ్రాయిడ్ వైపు లేవు. అవన్నీ ఒక్కొక్కటిగా అతకాలి. గ్రనాల్ 2019లో ఆ పని చేసి చూపించారు. మూడు చుక్కల మెనూ నొక్కి కిందికి జరిపితే అట్టడుగున మీ ఎక్స్‌టెన్షన్లు కనబడేవి. చూడ్డానికి అందంగా ఉందని చెప్పలేను, కానీ పనిచేసింది. గూగుల్ అందించని సౌకర్యాన్ని గూగుల్ ఇచ్చిన కోడ్‌తోనే ఒక మనిషి అందించారు.

ఆ మరుసటి ఏడాదే దాన్ని నలుగురి ముందూ పెట్టారు. తన బ్రౌజర్‌ను మిగతావాటి కంటే ఒక మెట్టు పైన నిలబెట్టిన ఒకే ఒక్క ప్రత్యేకతను పోటీదారులు కూడా వాడుకునేలా వదిలేయడానికి గుండె కావాలి.

ఊడ్చి, తుడిచి బయట పెట్టాలి

ఇంతకాలం మూసి ఉన్న కోడ్‌ను తెరవడం ఒక బటన్ నొక్కినంత తేలిక కాదని మొదట నేర్చుకున్నది నెట్‌స్కేప్. 1998 జనవరి 22న ఆ కంపెనీ తన బ్రౌజర్ సోర్స్ కోడ్ ఇచ్చేస్తామని ప్రకటించింది. మార్చి 31న ఇచ్చింది. మధ్యలో ఉన్న రెండు నెలల పైచిలుకు కాలం ఇంజనీర్లు రాత్రింబవళ్లు ఇల్లు సర్దినట్టు కోడ్ సర్దారు. ఇతర కంపెనీల నుంచి కొని వాడుకున్న భాగాలను పంచే హక్కు నెట్‌స్కేప్‌కు లేదు, పీకేయాలి. రహస్య సంకేతాల కోడ్‌ను దేశం దాటించడం మీద అమెరికా ప్రభుత్వ ఆంక్షలున్నాయి, అదీ తీసేయాలి. విసుగులో ఇంజనీర్లు వ్యాఖ్యల్లో రాసుకున్న బూతులు తుడిచేయాలి. ఆ ఒత్తిడంతా ‘కోడ్ రష్’ అనే డాక్యుమెంటరీలో రికార్డయింది. ‘ఓపెన్ సోర్స్’ అనే పేరు పుట్టింది కూడా ఆ రోజుల్లోనే. నెట్‌స్కేప్ ప్రకటన వెలువడిన రెండు వారాల లోపే, ఫిబ్రవరి 3న, పాలో ఆల్టోలో జరిగిన ఒక చిన్న సమావేశంలో క్రిస్టీన్ పీటర్సన్ ఆ పేరు ముందుకు తెచ్చారు.

అలా బయటికొచ్చిన కోడ్ వెంటనే అద్భుతాలు చేయలేదు. బాగుచేయడం కంటే కొత్తగా రాయడం మేలని మొజిల్లా వాళ్లు అదే ఏడాది తేల్చుకున్నారు. మొజిల్లా 1.0 రావడానికి 2002 జూన్ దాకా పట్టింది. ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది 2004 నవంబరులో. నెట్‌స్కేప్ కంపెనీ ఆ వైభవం చూడలేదు. దాని కోడ్‌ను ఆసరా చేసుకుని చేరిన మనుషులు చూశారు.

ఫోన్ బ్రౌజర్ విషయంలో సర్దుడు ఇంకా ఎక్కువ. క్రోమియంను ఆండ్రాయిడ్ కోసం బిల్డ్ చేయాలంటే లినక్స్ కంప్యూటర్ కావాలి. కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలని, 16 దాటితే మంచిదని, డిస్కులో 100 జీబీ ఖాళీ ఉండాలని అధికారిక సూచనలే చెబుతాయి. ముందు కోడ్ దించుకోవడమే పెద్ద పని. ఆపైన ‘టార్గెట్ ఓఎస్ ఆండ్రాయిడ్’ అని ఒక సెట్టింగు రాసి, ‘క్రోమ్ పబ్లిక్ ఏపీకే’ అనే లక్ష్యాన్ని బిల్డ్ చేయమంటే మామూలు ల్యాప్‌టాప్ గంటల తరబడి వేడెక్కుతుంది. ఆ సూచనలు స్పష్టంగా లేకపోతే కోడ్ ఎదురుగా ఉన్నా లేనట్టే. అందుకే ఏ బ్రౌజరైనా ‘మాది ఓపెన్ సోర్స్’ అంటే, దాన్ని బయటివాళ్లు ఎవరైనా ఆ కోడ్ నుంచి బిల్డ్ చేసి ఫోన్‌లో నడిపారా అని నేను మొదట చూస్తాను.

అంతా అయ్యాక కూడా చేతికి రానివి కొన్ని ఉంటాయి. ఆప్ మీద సంతకం చేసే తాళంచెవి కట్టినవారి దగ్గరే ఉంటుంది, ఉండాలి కూడా. ఆ సంతకం కలవకపోతే ఆండ్రాయిడ్ అప్‌డేట్‌ను ఒప్పుకోదు. కాబట్టి కివీ కోడ్‌ను రేపు ఎవరు కొనసాగించినా అది వేరే పేరుతో, వేరే ఆప్‌గా రావాల్సిందే. మీ బుక్‌మార్కులు మీరే మోసుకెళ్లాలి. గూగుల్ సింక్ లాంటి సేవలకు కోడ్‌తో పాటు గూగుల్ ఇచ్చే కీలు కావాలి. 2021 మార్చి నుంచి బయటివాళ్లు బిల్డ్ చేసిన క్రోమియం బ్రౌజర్లకు సింక్‌ను గూగుల్ ఆపేసింది కూడా. కోడ్ తెరిచినా సేవల తలుపు మూసే ఉండొచ్చు.

నోకియా వేసిన అడుగు

ఫోన్ బ్రౌజర్ల వంశవృక్షం చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. 1990ల చివర లినక్స్ డెస్క్‌టాప్ ‘కేడీఈ’ కోసం ఔత్సాహికులు కేహెచ్‌టీఎంఎల్ అనే ఇంజన్ రాశారు. వెబ్ పేజీని చదివి తెర మీద పరిచే యంత్రాంగం అది. ఆపిల్‌కు సొంత బ్రౌజర్ కావాల్సి వచ్చినప్పుడు ఇంజనీర్ల కన్ను దాని మీద పడింది. కారణం దాని పొందిక. మొత్తం కోడ్ 1,40,000 లైన్ల లోపే. 2003 జనవరి 7న సఫారీ విడుదల ప్రకటించిన రోజునే ఆపిల్ బృందం కేడీఈ వాళ్లకు మెయిల్ రాసి, మీ ఇంజనే వాడుకున్నామని చెప్పి, తమ మార్పులు పంపింది.

లైసెన్సు ప్రకారం పంపక తప్పదు. అయితే ఎలా పంపారన్నది ముఖ్యం. నెలల మార్పులన్నీ ఒక్క ముద్దగా కట్టి విడుదల చేసేవారు. ఏ మార్పు ఎందుకు చేశారు, ఏ బగ్‌ను సరిదిద్దడానికి చేశారు అన్న చరిత్ర లేదు. అంత పెద్ద ముద్దలోంచి పనికొచ్చేది ఏరుకుని తమ కోడ్‌లో కలుపుకోవడం కేడీఈ వాళ్ల తలకు మించిన పనైంది. 2005లో వాళ్లు బహిరంగంగానే అసహనం వెళ్లగక్కారు. ఆ ఏడాది జూన్‌లో ఆపిల్, కేహెచ్‌టీఎంఎల్ నుంచి తాను మలుచుకున్న ఇంజన్ ‘వెబ్‌కిట్’ కోడ్ నిల్వను, బగ్‌ల జాబితాను అందరికీ తెరిచింది. ఓపెన్ సోర్స్‌లో నాకు అన్నిటికంటే విలువైన పాఠంగా కనబడేది ఈ రెండేళ్ల గొడవే. కోడ్ ఇవ్వడం చట్టం తీర్చే అవసరం. చరిత్రతో సహా, రోజువారీ చర్చతో సహా ఇచ్చినప్పుడే ఇతరులు అందులో చేయి కలపగలరు.

వెబ్‌కిట్ తలుపులు తెరుచుకోగానే ముందుగా అందిపుచ్చుకున్న ఫోన్ కంపెనీ నోకియా. తన ఎస్60 ఫోన్ల బ్రౌజర్‌ను దాని మీదే కట్టింది. 2006 మేలో ఎస్60 వెబ్‌కిట్ పేరుతో ఆ కోడ్‌ను బీఎస్‌డీ లైసెన్సు కింద విడుదల చేసింది. అప్పటికి ఐఫోన్ పుట్టలేదు. ఫోన్ బ్రౌజర్ అంటే ‘వ్యాప్’ పేజీలు చూపేదన్న రోజుల్లో, కంప్యూటర్ పేజీని యథాతథంగా చూపించే ఇంజన్ కోడ్‌ను అప్పటి ప్రపంచంలోని అతిపెద్ద ఫోన్ కంపెనీ బహిరంగం చేసింది. తర్వాత ఆ కంపెనీ ఫోన్ల వ్యాపారం ఏమైందో అందరికీ తెలుసు. వెబ్‌కిట్‌కు మాత్రం తిరుగు లేకపోయింది. 2007లో ఐఫోన్, 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ దాన్నే మోసుకొచ్చాయి. 2013 ఏప్రిల్‌లో గూగుల్ దాని నుంచి విడిపోయి ‘బ్లింక్’ మొదలుపెట్టింది. బ్లింక్ మీద క్రోమియం, క్రోమియం మీద కివీ, ఎడ్జ్. జీతం లేకుండా కొందరు రాసిన ఇంజన్ వంశం ఈనాడు దాదాపు ప్రతి ఫోన్‌లోనూ ఉంది.

గూగుల్ కూడా ఒక్కసారే అంతా తెరవలేదు. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ క్రోమ్ పైపొర కోడ్ చాలాకాలం లోపలే ఉండి, 2015లో లక్షకు పైచిలుకు లైన్లుగా బయటికొచ్చింది. ఐఫోన్ క్రోమ్ కోడ్ 2017 జనవరి దాకా ఆగింది. ఐఫోన్‌లో ఏ బ్రౌజరైనా ఆపిల్ వెబ్‌కిట్‌నే వాడాలన్న అప్పటి నిబంధన వల్ల అక్కడి క్రోమ్ లోపల వేరే జీవి. ఐఫోన్ క్రోమ్‌ను, మిగతా క్రోమ్‌ను ఒకే కోడ్ నిల్వలో ఇమడ్చడానికి ఏళ్లు పట్టింది.

అక్షరం చిక్కుకున్న చోట

ఇదంతా ఇంజనీర్ల గోల, మనకెందుకు అనుకునేవారికి 2018 ఫిబ్రవరిని గుర్తు చేయాలి. ఆ నెల ఒకే ఒక్క తెలుగు అక్షరం ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లను కూలదోసింది. ‘జ్ఞా’ అన్న అక్షరం. జ, పొల్లు గుర్తు, ఞ, ఆపైన కంటికి కనబడని, అక్షరాలను విడదీసే ఒక సంకేతం, చివర దీర్ఘం. ఈ వరుసలో వచ్చిన సందేశాన్ని తెర మీద చూపబోయిన ప్రతి ఆప్ మూసుకుపోయేది. ఆకతాయిలు దాన్ని పనిగట్టుకుని పంపడం మొదలుపెట్టారు. ప్రపంచ మీడియా దాన్ని ‘తెలుగు బగ్’ అంది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది.

అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న ఒక ఇంజనీరు ఈ చిక్కును విప్పడానికి కూర్చున్నారు. ఒక్కో అక్షరాన్నీ మార్చి మార్చి పెట్టి, ఏది ఫోన్‌ను పడగొడుతుందో, ఏది పడగొట్టదో చూస్తూ పోయారు. తప్పు తెలుగుది కాదని, బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా ఇలాంటి వరుసలున్నాయని తేలింది. కానీ ఆయన అంతా బయటినుంచే ఊహించాల్సి వచ్చింది. వెబ్‌కిట్ కోడ్ తెరిచే ఉంది. అయితే అక్షరాలను తీర్చిదిద్దే పని దాని కింద ఉన్న ఆపిల్ ‘కోర్ టెక్స్ట్’ది. అది మూసి ఉంది. తెలుగు అక్షరానికి ఏం జరిగిందో తెలుగువాళ్లు చూడలేని చోట ఉంది.

దీని పక్కన హార్ఫ్‌బజ్‌ను పెట్టి చూడండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్‌లలో ఒత్తులను, గుణింతాలను తగిన చోట కూర్చేది ఈ ఓపెన్ సోర్స్ లైబ్రరీ. దీన్ని రాసిన ఇరాన్ సంతతి ఇంజనీరు బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బొద్ 2012 ప్రాంతంలో భారతీయ లిపుల భాగాన్ని మెరుగుపరుస్తూ వికీపీడియాల నుంచి పదాలు తీసుకున్నారు. ఒక్క తెలుగులోనే 9.7 లక్షలకు పైగా. ఒక్కో పదాన్నీ మైక్రోసాఫ్ట్ విండోస్ ఎలా చూపుతోందో, తనది ఎలా చూపుతోందో పోల్చారు. మార్పు చేసినప్పుడల్లా ఎన్ని నెగ్గాయో, ఎన్ని తప్పాయో ఆ మార్పు కిందే రాసుకుంటూ వెళ్లారు. తప్పినవి తగ్గుతూ తగ్గుతూ రెండంకెలకు దిగాయి. ఆ లెక్కలు ఈనాటికీ కోడ్ చరిత్రలో ఉన్నాయి. తెలుగు మాట్లాడని ఒక మనిషి మన ఒత్తుల కోసం పడిన శ్రమను ఎవరైనా వెళ్లి చూడొచ్చు. నాకు ఆ వరుసలు చూస్తే కృతజ్ఞతగా ఉంటుంది.

అంతకు ముందు ఫోన్‌లో తెలుగు చదవాలంటే మనం ఏం చేశామో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఓపెరా మినీ తెరిచి, అడ్రస్ బార్‌లో ‘ఓపెరా:కాన్ఫిగ్’ అని కొట్టి, పేజీ అడుగుకు వెళ్లి, సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అన్న ప్రశ్నకు ‘ఎస్’ పెట్టి సేవ్ చేయాలి. అప్పుడు తెలుగు అక్షరాలు బొమ్మలుగా మారి ఓపెరా సర్వర్ నుంచి వచ్చేవి. గళ్లు గళ్లుగా కనబడే చోట తెలుగు ప్రత్యక్షమైతే కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. ఆ మేలు మరచిపోకూడదు. కానీ మనం చూసే ప్రతి పేజీ ముందు ఒక కంపెనీ సర్వర్‌లో విచ్చుకుని, అక్కడ కుదించుకుని, మన దగ్గరికి వచ్చేది. లోపల ఏం జరుగుతోందో చూసే దారి లేదు. నమ్మడమొక్కటే మిగిలింది.

నమ్మకం ఎప్పుడూ నిలబడదు. ఒకప్పుడు మన దేశంలో ఫోన్లలో ముందు వరసలో ఉన్న యూసీ బ్రౌజర్‌ను 2015లో టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు పరీక్షించారు. చైనీస్ వెర్షన్ ఫోన్ గుర్తింపు సంఖ్యలు, ఉన్న చోటు లాంటి వివరాలను బలహీనమైన రక్షణతోనో, అసలు రక్షణ లేకుండానో పంపుతోందని తేలింది. ఇంగ్లిష్ వెర్షన్‌లో జనం వెతికిన మాటలు ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తున్నాయని కూడా రాశారు. కోడ్ మూసి ఉంది కాబట్టి ఆప్‌ను విప్పి, బయటికి వెళ్లే డేటాను పట్టి చూడాల్సి వచ్చింది. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 చైనా ఆప్‌లలో అదీ ఒకటి.

కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన ఆప్ నిజాయతీగా ఉందని కూడా కాదు. గిట్‌హబ్‌లో పెట్టిన కోడ్, ప్లే స్టోర్‌లో ఉన్న ఫైలు ఒక్కటేనని ఎలా తెలుస్తుంది? ఈ అనుమానం లేకుండా చేయడానికే ఎఫ్-డ్రాయిడ్ లాంటి ఆప్ భాండాగారం తనే కోడ్ తీసుకుని తనే బిల్డ్ చేస్తుంది. ఫైర్‌ఫాక్స్‌ను అలా బిల్డ్ చేసి, గూగుల్ సొంత భాగాలు తీసేసి, ‘ఫెనెక్’ పేరుతో అందిస్తుంది. పేరు మార్చడానికి కారణం ట్రేడ్‌మార్క్. కోడ్ అందరిదైనా పేరు కంపెనీదే.

కాపు కాసేదెవరు?

కివీని గుండెలకు హత్తుకున్నవాళ్లే దాని మీద పెట్టిన పెద్ద ఫిర్యాదు ఒకటుంది. క్రోమియం ఎంతో ముందుకు వెళ్లిపోయినా కివీ పాత వెర్షన్ మీదే ఉండిపోతోందని. అది న్యాయమైన ఫిర్యాదే. 2021 సెప్టెంబరు నుంచి క్రోమ్ కొత్త వెర్షన్ నాలుగు వారాలకొకటి రావడం మొదలైంది. మధ్యలో భద్రతా ప్యాచ్‌లు వేరు. వచ్చిన ప్రతిసారీ వేల మార్పులు. మీరు అతికించిన ఎక్స్‌టెన్షన్ల కోడ్ కింద నేల కదిలిపోతుంది. మళ్లీ అతకాలి, మళ్లీ పరీక్షించాలి. వందల ఇంజనీర్లున్న కంపెనీ నడిపే వేగాన్ని ఒక మనిషి అందుకోలేడు.

ఇక్కడే ఓపెన్ సోర్స్‌కున్న ఒక ప్రమాదం కూడా చెప్పుకోవాలి. క్రోమియంలో ఒక భద్రతా లోపాన్ని సరిదిద్దితే ఆ దిద్దుబాటు కోడ్‌లో అందరికీ కనబడుతుంది. దొంగకు కూడా. కొత్త వెర్షన్ వెంటనే వేసుకున్నవాళ్లకు భయం లేదు. వారాల తరబడి వెనకబడిన బ్రౌజర్ వాడేవారి ఫోన్లలో ఆ లోపం ఎక్కడుందో దిద్దుబాటే చూపించేస్తుంది. అందుకని బ్యాంకు పనులకు వాడే ఫోన్‌లో ఆగిపోయిన బ్రౌజర్‌ను ఉంచుకోవద్దని గట్టిగా చెబుతాను, అది ఎంత మంచిదైనా. కివీని ఇంకా తీసేయనివారు తీసేయండి.

ఊరి చెరువు అందరిదీ. పూడిక తీయడానికి ఎవరూ రాకపోతే రెండు వానాకాలాల్లో గట్టు మీద కప్పల అరుపులే మిగులుతాయి. కోడ్ తెరవగానే ప్రపంచమంతా వచ్చి పనిచేసి పెడుతుందన్న ఆశ చాలా ప్రాజెక్టుల్లో అడియాసే అయింది. అయినా తలుపు తెరిచి ఉంటే ఎవరో ఒకరు రాగలరు. బ్రోమైట్ అనే మరో ఆండ్రాయిడ్ బ్రౌజర్ 2023 నాటికి స్తంభించిపోతే, అందులో అప్పటికే పాలుపంచుకున్న ఒక కోడర్ ‘క్రోమైట్’ పేరుతో దాన్ని కొనసాగించారు. బ్రోమైట్ లైసెన్సు జీపీఎల్. దాన్ని తీసుకుని పంచేవాళ్లు తమ మార్పులను కూడా తెరిచి ఉంచాలి. కివీది బీఎస్‌డీ కాబట్టి ఎడ్జ్ లాంటి మూసి ఉన్న బ్రౌజర్‌లోకి కూడా వెళ్లగలిగింది.

ఏది మేలు? ఇద్దరు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రియులను ఒక గదిలో పెడితే తెల్లవారేదాకా వాదించుకుంటారు. గ్రనాల్ జీపీఎల్ పెట్టి ఉంటే మైక్రోసాఫ్ట్ ఆ కోడ్ దరిదాపులకు వచ్చేది కాదు. ఫోన్‌లో ఎక్స్‌టెన్షన్లు అన్న ఆలోచనకు అంత పెద్ద ఆశ్రయం దొరికేది కాదు. మరోపక్క, ఒక మనిషి ఉచితంగా ఇచ్చిన శ్రమ ఒక మహా కంపెనీ మూసిన పెట్టెలోకి వెళ్లింది. నేను గ్రనాల్ ఎంపిక వైపే మొగ్గుతాను. ఆయన కోరుకున్నది ఎక్స్‌టెన్షన్లు ఫోన్లో బతకాలని, అవి బతికాయి. పైగా పోటీ పెరిగింది. ఫైర్‌ఫాక్స్ 2023 డిసెంబరులో ఆండ్రాయిడ్‌లో 450కి పైగా ఎక్స్‌టెన్షన్లకు తలుపు తీసింది.

స్వదేశీ బ్రౌజర్‌కు ఒక షరతు

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ 2023 ఆగస్టులో భారతీయ వెబ్ బ్రౌజర్ తయారీకి పోటీ పెట్టింది. మొత్తం బహుమతులు రూ.3.41 కోట్లు. 2025 మార్చిలో ఫలితాలు ప్రకటిస్తే జోహో కార్పొరేషన్ మొదటి స్థానంలో నిలిచి కోటి రూపాయలు అందుకుంది. ఆ సంస్థ బ్రౌజర్ ‘ఉలా’ కూడా క్రోమియం మీద కట్టిందే. అందులో చిన్నతనమేమీ లేదు. కొత్తగా ఇంజన్ రాయడం వేల మనిషేళ్ల పని. ఉన్నదాని మీద కట్టడమే తెలివి.

అయితే జనం సొమ్ముతో ప్రోత్సహించే బ్రౌజర్‌కు నా దృష్టిలో ఒక షరతు ఉండి తీరాలి. కోడ్, దాని చరిత్ర, బిల్డ్ చేసే సూచనలు, ప్యాచ్‌లు ఎన్నాళ్లలో అందుతాయన్న హామీ, నాలుగూ బహిరంగంగా ఉండాలి. దేశంలో తయారైందన్న ముద్ర చూసినంత మాత్రాన డేటా ఎక్కడికి వెళ్తోందో తెలియదు. ఏ వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీలోనో ఒక విద్యార్థి తన ల్యాబ్‌లో బిల్డ్ చేసి, ప్లే స్టోర్‌లో ఉన్నదానితో సరిపోల్చగలిగితే తెలుస్తుంది. రేపు ఆ కంపెనీ ఆసక్తి ఇంకో వైపు మళ్లినా, ఆ విద్యార్థుల్లో కొందరు దాన్ని అందుకోగలరు.

కోడ్ రాయనివారికి కూడా ఇందులో పని ఉంది. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌ను తెలుగులోకి తెస్తున్నది ఔత్సాహికులే. మొజిల్లా ‘పాంటూన్’ వేదికలో ఒక పక్క ఇంగ్లిష్ వాక్యం, ఇంకో పక్క తెలుగుకు ఖాళీ గడి ఉంటాయి. ఒకరు సూచిస్తే మరొకరు సరిచూసి ఖాయం చేస్తారు. అరగంట తీరిక, మంచి వాడుక తెలుగు చాలు.

బగ్‌లు చెప్పడం ఇంకా తేలిక. మీ ఫోన్ బ్రౌజర్‌లో ఎక్కడైనా ఒత్తు పక్కకు జరిగినా, గుణింతం విడిపోయినా ఫైర్‌ఫాక్స్‌కైతే బగ్‌జిల్లాలో, క్రోమ్‌కైతే క్రోమియం బగ్‌ల జాబితాలో రాయండి. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, బ్రౌజర్ వెర్షన్, ఆ పేజీ అడ్రస్ ఇవ్వండి. స్క్రీన్‌షాట్‌తో పాటు ఆ పదాన్ని కాపీ చేసి తప్పకుండా అతికించండి. ‘జ్ఞా’లో దాగినటువంటి కనబడని సంకేతం బొమ్మలో కనిపించదు. అక్షరాలుగా వస్తేనే ఇంజనీరు ఆ వరుసను తన కంప్యూటర్‌లో మళ్లీ తెప్పించి, తప్పు ఎక్కడుందో పట్టుకోగలుగుతారు.